పదహారు దింపుల మాట

మా వైపు కొబ్బరి ఉన్న ఇళ్ళల్లో కాలాన్ని దింపులతో లెక్కపెడతారు. దింపంటే చెట్టెక్కి కాయలు దించడం. నెలా పదిహేను రోజులకోసారి దింపు మనుషులు నడుముకి కత్తి కట్టుకుని వస్తారు. ఎండెక్కేలోగా తోటంతా దించేసి, కాయలు ఓ మూల రాశి పోసి వెళతారు. "రెండు దింపుల కిందట పోయేరండీ, పాపం" అనీ, "వచ్చే దింపు అయ్యేక పెళ్ళి పెట్టుకుందామండీ" అనీ మాట్లాడుకోవడం మాకు మామూలు. క్యాలెండరు గోడకి ఉంటుంది. దాన్ని చూసేది పండగలకీ, పిల్లల పరీక్షలకీ మాత్రమే.

నేను లెక్కల టీచర్ని. జవాబు పక్కన గంటలనో కిలోమీటర్లనో రాయని పిల్లలకి జాలి లేకుండా అర మార్కు కోసేదాన్ని. అలాంటిదాన్ని, ఆరేళ్ళ కూతురికి ఇచ్చిన ముఖ్యమైన మాటని దింపుల్లో ఇచ్చాను.

అప్పటికి రాజోలు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ప్రభుత్వ ఉద్యోగానికి రాయాల్సిన పరీక్ష ఒకసారి నిండు నెలల వల్ల తప్పిపోయింది. రెండోసారి నా పొగరు వల్ల తప్పిపోయింది. నాకు రానిదేముందిలే అనుకుని పుస్తకం ముట్టుకోలేదు. మా స్కూల్లో నా పని పాఠం చెప్పడం ఒక్కటే కాదు. వానొస్తే బల్లలు లోపలికి లాగడం, వార్షికోత్సవానికి పిల్లల మొహాలకి రంగులు పూయడం, తనిఖీకి ఎవరైనా వస్తే లేని లైబ్రరీని ఉన్నట్టుగా సర్దడం కూడా నాదే. ఏదైనా అడిగితే కరస్పాండెంటుగారు ఎంతో మర్యాదగా, "ఆయ్, చూద్దామండీ టీచరుగారూ" అనేవారు. ఎనిమిదేళ్ళు చూశాం.

తొంభై అయిదులో ఒకరోజు పేపర్లో, మాల్దీవుల్లో లెక్కల టీచర్లు కావాలన్న ప్రకటన చూశాను. మావారు సహకార బ్యాంకులో గుమస్తా, నెమ్మదైన మనిషి. ఆ ప్రకటన చదివి, అట్లాసు తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు వెతికారు. "ఇక్కడేవో చుక్కలున్నాయి. ఈ చుక్కల్లో ఒకటనుకుంటాను," అన్నారు. అంతే, వెళ్ళమనలేదు, వద్దనలేదు. నాకు వద్దనకపోవడమే చాలు.

అత్తయ్యగారు మాత్రం ఊరుకోలేదు. "నీకేమన్నా మతి పోయిందా? చంటిపిల్లని వదిలేసి సముద్రం మధ్యకెళ్ళి పాఠాలు చెబుతావా? ఇక్కడ పిల్లలు లేరా?" అన్నారు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆదివారం, చర్చి నుంచి నడిచి వస్తూ దారిలో ఆగి, "నువ్వు మొండిదానివి. వెళ్ళాలనుంటే వెళ్ళు. పిల్లని నేను చూసుకుంటాను. ఏడుస్తూ మాత్రం వెళ్ళకు, పిల్ల చూస్తుంది," అన్నారు. ఆవిడ అత్తగారు, అంటే మావారి నాయనమ్మ, ఒకప్పుడు పరాయి తోటల్లో కొబ్బరికాయలు మోసిన మనిషి. ఆవిడ కొడుకు, మా మావయ్యగారు, టీచరై, కూడబెట్టిన డబ్బుతో అర ఎకరం కొబ్బరితోట కొన్నారు. ఆయన పోయాక కూడా దింపు రోజున అత్తయ్యగారు ఉతికిన చీర కట్టుకుని తోటలోకి వెళ్ళేవారు. ఆ తోట మాకు ఆస్తి ఒక్కటే కాదు.

త్రివేండ్రంలో ఇంటర్వ్యూ అయిన పదిహేను రోజులకే ఉత్తరం వచ్చింది. రెండేళ్ళ ఒప్పందం. ఇంట్లో ఏదైనా ఆపద వస్తే తప్ప మధ్యలో రావడం ఉండదు. జనవరిలో బయల్దేరాలి.

"ఎప్పుడొస్తావు?" అని అడిగింది మా అమ్మాయి. రెండేళ్ళంటే దానికి ఏం తెలుస్తుంది? అది పుట్టిందే నిన్నగాక మొన్న. ఏడాదికి ఎనిమిది దింపులు, రెండేళ్ళకి పదహారు. నోటి లెక్క నాకు గొప్ప కదా. "పదహారు దింపులు అయ్యేసరికి నీ ముందుంటాను," అన్నాను. పిల్లకి బాగా నచ్చింది. వాళ్ళ నాయనమ్మ ఇంకో ఉపాయం చెప్పారు. ప్రతి దింపుకీ రాశిలోంచి ఒక మంచి కాయ ఏరి మంచం కింద పెట్టుకోవాలి, పదహారో కాయ పెట్టిన రోజు అమ్మ వచ్చినట్టు. పిల్ల అప్పటికప్పుడు మంచం కింద తుడిచి చోటు చేసుకుంది.

నేను ఏడవకుండానే వెళ్ళాను. రావులపాలెం దాటేదాకా ఏడవలేదు.

మాల్దీవుల రాజధాని నుంచి మా దీవికి పదమూడు గంటల పడవ ప్రయాణం. దారంతా వాంతులు. దిగి తలెత్తి చూస్తే చుట్టూ కొబ్బరిచెట్లే. ఇంత దూరం వచ్చి మళ్ళీ వీటి కిందకే చేరానా అని నవ్వొచ్చింది. కానీ కింద మట్టి లేదు, తెల్లటి ఇసుక. ఎటు నడిచినా పావుగంటలో సముద్రం. కాలవ లేదు, వరిచేను లేదు, నూతిలో నీళ్ళు ఉప్పన. పొద్దున చేప, మధ్యాహ్నం చేప, రాత్రి చేప. గోదారి మనిషినే అయినా నెల తిరిగేసరికి దాని వాసన వస్తే మొహం తిప్పుకునేదాన్ని. నాతో గదిలో ఉండే కెమిస్ట్రీ టీచరుది కేరళ. కొబ్బరికోరు వేసి కూర వండితే అది తమ పద్ధతని ఆవిడ, కాదు మాదని నేను. ఆ తగువు రెండేళ్ళూ తెగలేదు.

శుక్రవారం సెలవు, ఆదివారం పని. మొదటి ఆదివారం తొమ్మిదింటికి బోర్డు మీద సమీకరణం రాస్తుంటే, ఇంటిదగ్గర అందరూ చర్చికి బయల్దేరే వేళ అని గుర్తొచ్చింది. చాక్‌పీసు చేతిలోనే విరిగింది. ఇంకోటి తీసుకుని మిగతాది రాశాను.

పదో తరగతిలో పదకొండు మంది ఉన్నారు. ఆ దీవి నుంచి లెక్కల పెద్ద పరీక్షకి కూర్చోబోయే మొదటి జట్టు వాళ్ళే. మొదటి రోజు నా పేరు చెప్పుకుని, ఏమైనా అడుగుతారా అన్నాను. ముందు బెంచీలో అమ్మాయి లేచి, "మీరెప్పుడు వెళ్ళిపోతారు మిస్?" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆరా తీస్తే తెలిసింది, అంతకుముందు ఇద్దరు లెక్కల టీచర్లు బెంగపెట్టుకుని సగంలో వెళ్ళిపోయారట. పాఠం ఎక్కడ ఆగిందో పిల్లల పుస్తకాల్లో తెలుస్తూనే ఉంది, సగం లెక్క రాసి వదిలేసిన పేజీలు. "మీ పరీక్ష అయ్యేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను," అన్నాను. కోపంలో అన్న మాటే, కానీ అన్నాను.

ఆ ఏడాది పని చేసినట్టు నేను ఎప్పుడూ చేయలేదు. బల్లలు లాగే పని లేదు, రంగులు పూసే పని లేదు. పొద్దున లెక్కలు, సాయంత్రం లెక్కలు. త్రికోణమితి పేరు చెబితే వణికే పిల్లలు ఆగస్టు కల్లా కొబ్బరిచెట్టు నీడ కొలిచి ఎత్తు చెప్పడం మొదలుపెట్టారు. నేను ఇంత బాగా చెప్పగలనని నాకే తెలియదు. ఇంటి మీద బెంగ లేదని కాదు. ఉండేది, చాలా ఉండేది. కానీ క్లాసులో అడుగుపెట్టాక నేను సంతోషంగా ఉండేదాన్ని. ఇప్పుడు చెప్పడానికి సిగ్గు లేదు, అప్పుడు ఉత్తరాల్లో ఆ మాట రాయడానికి మొహం చెల్లలేదు.

నెలకోసారి మావారు పిల్లని రాజోలులో ఎస్.టి.డి. బూత్‌కి తీసుకొచ్చేవారు. మా దీవి ఆఫీసులో ఉన్న ఒక్క ఫోను దగ్గర నేను ముందే వెళ్ళి కూర్చునేదాన్ని. పిల్ల హలో అనేది కాదు. "మూడయ్యేయి," అనేది. తర్వాతెప్పుడో "నాలుగయ్యేయి". అక్టోబరులో "ఆరయ్యేయి, ఇంక పదే," అని గట్టిగా అరిచింది. బూత్‌లో ఎవరో నవ్వడం నాకు వినపడింది.

ఆ నవంబరులో గాలివాన వచ్చింది.

కేరళ టీచరు చిన్న రేడియో పట్టుకుని క్లాసు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "మీది గోదావరి కదా?" అంది. ఆ తర్వాత అయిదు రోజులు ఇంటి కబురు లేదు, ఫోన్లు పనిచేయడం లేదు. ఆ అయిదు రోజులూ నేను పాఠాలు చెప్పాను. ఏడూ ఎనిమిదీ పద్నాలుగని బోర్డు మీద రాస్తే, ముందు బెంచీ అమ్మాయి చప్పుడు చేయకుండా వచ్చి చెరిపి సరిచేసి వెళ్ళింది.

అయిదో రోజు సాయంత్రం ఫోనొచ్చింది. మావారు రాజమండ్రి దాకా వెళ్ళి చేశారు.

"అందరం బతికే ఉన్నాం. ముందు అది విను," అన్నారు. "ఇంటి పెంకులెగిరిపోయేయి. అమ్మా, పాపా బాగానే ఉన్నారు. తోట లేదు."

"లేదంటే?"

"లేదు. నాలుగు చెట్లు నిలబడ్డాయిగానీ వాటికి తలల్లేవు. తెల్లారి చూస్తే కాయలన్నీ కిందే ఉన్నాయి. పాప చూసి ఏమందో తెలుసా? దింపులన్నీ ఒకేసారి అయిపోయేయి, అమ్మ ఇవాళ వచ్చేస్తాదంది. రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్టెక్కి కూర్చుంది. రెండ్రోజులు కూర్చుంది. అన్నం అక్కడికే పట్టుకెళ్ళేం."

ఇప్పుడెలా ఉందని అడిగాను.

"నువ్వొకసారి రాగలవేమో చూడు," అన్నారు. పెళ్ళయిన పదేళ్ళలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

హెడ్‌మాస్టరు మంచాయన. నేను అడగకముందే, "వెళ్ళండి. రేపు పొద్దున పడవ ఉంది," అన్నారు. పరీక్షకి ఇంకా పన్నెండు రోజులుంది. పునశ్చరణ తను చేయిస్తానని కేరళ టీచరు అంది. చేయించగలదు కూడా, ఆవిడకి లెక్కలు బాగానే వచ్చు. నన్ను ఆపినవాళ్ళెవరూ లేరు. పదకొండు మందిలో ఒక్కరు కూడా ఒక్క మాట అనలేదు. వెళ్ళిపోయే టీచర్లని చూడడం వాళ్ళకి అలవాటే.

మర్నాడు పొద్దున పడవ దగ్గరికి వెళ్ళాను. నా సంచి ముందే లోపల పెట్టారు. ఎక్కమని పడవ మనిషి చెయ్యి చాచాడు. నేను పట్టుకోలేదు. పిల్లలకిచ్చిన మాట కోసమే ఆగానంటే అది సగమే నిజం. ఇప్పుడు వెళితే మళ్ళీ రాలేనని నాకు తెలుసు. తోట లేని ఇల్లు, రోడ్డు మీద కూర్చున్న పిల్ల, వాళ్ళని చూశాక ఏ తల్లి పడవెక్కుతుంది? మళ్ళీ రాజోలులో బల్లలు లాక్కుంటూ బతకాలి. ఎనిమిదేళ్ళ తర్వాత నాకు దొరికిన పనిని వదులుకోలేకపోయాను. పడవ మనిషి రెండోసారి పిలిచాడు. సంచి ఇచ్చెయ్యమన్నాను.

మళ్ళీ బూత్ నుంచి ఫోను వచ్చినప్పుడు, "సెలవివ్వలేదండీ," అని చెప్పాను. "ఆయ్, సరేలే," అన్నారు మావారు. ఆయన నమ్మారో లేదో ఇప్పటికీ అడగలేదు. పిల్లకి ఫోనివ్వమన్నాను. అది తీసుకోలేదు. ఆ వారంలోనే మంచం కింది ఆరు కాయలూ ఒక్కొక్కటే మోసుకెళ్ళి కాలవలో పడేసిందని తర్వాత ఉత్తరంలో తెలిసింది. అత్తయ్యగారు ఆపబోతే, "ఇంక దింపులెక్కడున్నాయి నాయనమ్మా," అందట. ఆరేళ్ళ పిల్లకి నా లెక్కలో తప్పు తెలిసింది. చెట్టుంటేనే దింపు, దింపుంటేనే అమ్మ. చెట్టు లేదు.

తర్వాత పదమూడు నెలలు అది నాతో ఫోనులో ఒక్క మాట మాట్లాడలేదు. బూత్ దాకా వచ్చేదిట, బయట నిలబడేదిట. నేను ప్రతి నెలా వెళ్ళి ఫోను దగ్గర కూర్చున్నాను. మాట్లాడకపోయినా దానితో మాట్లాడాను. మావారు దాన్ని లోపలికి తీసుకొచ్చి ఫోను చెవి దగ్గర పెడితే, ఇక్కడి చేపల గురించి, కేరళ టీచరుతో తగువు గురించి, ఏదో ఒకటి చెప్పేదాన్ని. అటునుంచి ఊపిరి వినపడేది. మరుసటి ఏడాది పరీక్ష ఫలితాలు వచ్చాయి. పదకొండు మందిలో తొమ్మిది మంది గట్టెక్కారు, దీవంతా బడి ముందు పోగయింది. నన్ను పిలిచి మధ్యలో నిలబెట్టారు. నవ్వాను, ఆనందంగానే నవ్వాను. గదికొచ్చి తలుపేసుకున్నాక ఆ ఆనందాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తొంభై ఏడు డిసెంబరులో ఇంటికొచ్చాను. జొన్నాడ దగ్గర బస్సు వంతెనెక్కింది. అవతల దిగాక కొత్తపేట, అమలాపురం వరకూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఎన్నో తోటల్లో ఆకాశం కనపడుతోంది. మా వైపు తోటల్లో అంత ఆకాశం నేను ఎన్నడూ చూడలేదు.

అమ్మాయి ఎనిమిదేళ్ళది అయింది. పొడుగైంది. గుమ్మంలో నిలబడి, ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు, "ప్రయాణం బాగా జరిగిందా?" అంది. తెచ్చిన గౌను తీసుకుని థాంక్స్ చెప్పింది. అన్నం పెడితే తింది, పిలిస్తే వచ్చింది, పక్కలో పడుకోమంటే పడుకుంది. ఎదురు చెప్పిందంటే ఒట్టు. నాకు అదే భయమేసింది. అల్లరి చేసినా, కొట్టినా, ఏడ్చినా భరించేదాన్ని. క్రిస్మస్‌కి పిల్లల పాటల్లో నిలబడి పాడింది. ముందు వరసలో ఉన్న నన్ను తప్ప అందరినీ చూసింది.

నా పెట్టెలో ఇంకో రెండేళ్ళకి ఒప్పందం కాగితం ఉంది. సంతకం పెట్టి పంపాలి. పంపాలనే ఉంది నాకు.

క్రిస్మస్ వెళ్ళిన నాలుగు రోజులకి, అత్తయ్యగారు తోటలో వేయించిన కొబ్బరి మొక్కలకి నీళ్ళు పోయడానికి పిల్లా నేనూ వెళ్ళాం. నేను చేదితే అది చిన్న బిందెతో మోసుకెళ్ళి పోస్తోంది. వరస సగం అయ్యాక, నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"గాలివానప్పుడు నీకు సెలవివ్వలేదంట కదా. నాన్నగారు చెప్పేరు."

అవునంటే అయిపోయేది. ఆ పిల్ల నాకోసం దాచుకున్న ఒక్క మంచి సాకు అది. చేద పక్కన పెట్టాను.

"ఇచ్చారు. పడవ దాకా వెళ్ళాను. ఎక్కలేదు."

పిల్ల బిందె కింద పెట్టింది. "ఎందుకు?"

"నా దగ్గర పదకొండు మంది పిల్లలున్నారు. వాళ్ళ పరీక్ష అయ్యేదాకా కదలనని మాటిచ్చాను."

"నాక్కూడా ఇచ్చేవు కదా."

నేను ఇప్పటిదాకా ఇరవై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పాను. నన్ను ఎవరూ ఏ క్లాసులోనూ అలా నిలబెట్టి అడగలేదు. "ఇచ్చాను," అన్నాను. "నీకిచ్చిన మాటని చెట్ల మీద పెట్టి ఇచ్చాను. నా మీద పెట్టుకుని ఇవ్వాల్సింది. తప్పు నాది. ఇంకోటి కూడా ఉంది, ఆ ఉద్యోగం నాకిష్టం. వస్తే మళ్ళీ వెళ్ళలేనని భయపడి రాలేదు. మీ నాన్నగారికి కూడా అబద్ధం చెప్పాను."

పిల్ల బిందె తీసుకెళ్ళి మొక్కకి పోసింది, నీళ్ళు ఇంకేదాకా అక్కడే వంగి చూసింది. మళ్ళీ వచ్చింది.

"మళ్ళీ వెళ్తావా?"

"వెళ్ళాలనుంది."

"నాయనమ్మ వద్దంటే?"

"నచ్చజెప్పి వెళ్తాను."

"నేను వద్దంటే?"

ఆ కాగితం మీద సంతకం పెట్టాలని నాకెంత ఉందో నాకు తెలుసు. దీవిలో పడవ దగ్గర నిలబడినప్పుడు కూడా అంత లేదు. "వెళ్ళను," అన్నాను. అన్నాక తెలిసింది, నిజంగానే వెళ్ళను. "నువ్వంటే కాగితం ఇప్పుడే చింపేస్తాను. ఏడవను, నిన్నేమీ అనను."

రెండేళ్ళలో మొదటిసారి అది నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. సరిచూసుకున్నట్టు చూసింది.

"అయితే వద్దనను," అంది. "గాలివాన వస్తే మాత్రం రావాలి."

"వస్తాను," అన్నాను. "నువ్వు నమ్మనక్కర్లేదు. వస్తాను."